చేప నూనెలో నువ్వులెక్కడివి?

సందేహం: మా అమ్మకు డాక్టరుగారు ఫిష్ ఆయిల్ క్యాప్సూల్స్ రాశారు. నేను ‘చేప నూనె’ అంటుంటే మా తెలుగు మాస్టారు ఒప్పుకోవడం లేదు. నూనె అంటే నువ్వులదే కాబట్టి ‘మత్స్య తైలం’ అనాలట. ఏది సరి? (ఒక పాఠకురాలు, కాకినాడ)

సమాధానం: మీ మాస్టారు చెప్పిన వ్యుత్పత్తి నిజమేనమ్మా. నూవు, నెయ్యి కలిసి నూనియ, నూనె అయ్యాయి. తమిళంలో ఎణ్ణెయ్ కూడా ఇలాగే పుట్టింది, ఎళ్ అంటే నువ్వు. అయితే ఆ లెక్కన తైలం మాత్రం ఎలా నిలుస్తుంది? అది ‘తిల’ నుంచి వచ్చింది, తిల అన్నా నువ్వే కదా! ఇంగ్లీషు ఆయిల్ మూలం వెతికినా ఆలివ్ కాయే దొరుకుతుంది.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైన మాట నెయ్యి. ఇవాళ మనకు వెన్న కాచితే వచ్చేదే నెయ్యి గానీ, పూర్వం జిడ్డుగా ఉండే దేన్నైనా నెయ్యే అన్నారు, అలా అనకపోతే నువ్వుల నెయ్యి అనే మాటే పుట్టేది కాదు. మన వంజరం చేపను మలయాళీలు ఇప్పటికీ నెయ్‌మీన్ అంటారు. ఆ నెయ్ పాడిది కాదు, చేప ఒంట్లో కొవ్వు. కాబట్టి చేపకూ నూనెకూ చుట్టరికం కొత్తగా కలపనక్కర్లేదు.

ఇక తైలం సంగతి. ‘తివిరి యిసుమునఁ దైలంబుఁ దీయవచ్చు’ అన్నాడు ఏనుగు లక్ష్మణకవి. చిన్నప్పుడు అందరం వల్లె వేసిన పద్యమే. తివిరి అంటే పట్టుబట్టి, ప్రయత్నించి. ఎంత చక్కటి మాట, ఎందుకు వదిలేశామో! ఇసుకలో నువ్వులు లేవు, అయినా కవి తైలం అన్నాడు, భర్తృహరి సంస్కృత మూలంలోనూ తైలమే ఉంది. ఆముదాన్ని వైద్యులు ఏరండ తైలం అన్నారు. నువ్వులతో పని లేకుండానే రెండు మాటలూ ఎప్పుడో స్థిరపడ్డాయి.

తైలం తప్పని నేననను. కాకపోతే నారాయణ తైలం లాంటివాటివల్ల అది ఒంటికి రాసుకునే మందుగా జనం మనసులో నాటుకుంది. మత్స్య తైలం అంటే ఎవరైనా మోకాళ్లకు రాసుకోవచ్చు. గుళికలు అని రాసేవాళ్లూ ఉన్నారు, పల్లెలో గుళికలంటే పొలంలో చల్లే పురుగుమందు! క్యాప్సూల్ అంటే అందరికీ తెలుస్తుంది, అలాగే ఉంచండి.

నాకు అసలు కోపం తెప్పించేది పత్రికల్లో కనిపించే ‘సముద్ర జీవుల నుండి ఉత్పన్నమైన ఆరోగ్యవర్ధక సమ్మేళనాలు’ లాంటి రాత. ఇంత బరువైన మాటలు వాడి, తేడా చెప్పాల్సిన చోట చెప్పరు. చేప నూనె కవళ్ల లాంటి కొవ్వు చేపల ఒంటి నుంచి తీసేది, అందులో ముఖ్యమైనవి ఒమేగా-3 కొవ్వులు. (ఒమేగా గ్రీకు అక్షరమాలలో చివరిది. కర్బనపు గొలుసు చివరి నుంచి లెక్కపెడితే మూడో కర్బనం దగ్గర జంట బంధం ఉంటుంది కనుక ఆ పేరు.) కాడ్ లివర్ ఆయిల్ వేరు. అది కాడ్ చేప కార్జం నుంచి తీసేది, అందులో ఎ, డి విటమిన్లు దండిగా ఉంటాయి. ఎ విటమిన్ ఎక్కువైతే కడుపులో బిడ్డకు హాని, అందుకే గర్భిణులను అది వాడొద్దంటారు. రెంటినీ ‘చేప నూనె’ అనేస్తే ఎలా? రెండోదాన్ని ‘చేప కార్జం నూనె’ అని విడిగా రాయాలి. కాలేయం అన్నా సరే, ఆ మాట మాత్రం ఉండి తీరాలి.

నేనైతే చేప నూనె అనే రాస్తాను. మీ అమ్మగారి సీసా మీద లివర్ అన్న మాట ఉందేమో ఒకసారి చూడండి.