తొలిసారి కిల్ట్ కట్టి కవాతుకు వెళ్లే అబ్బాయికి

చిరంజీవి కార్తీక్‌కు పెద్దనాన్న ఆశీస్సులు.

మీ ఊరి పైప్ బ్యాండులో (స్కాట్లాండు బ్యాగ్‌పైపులు, డ్రమ్ములు వాయించే బృందంలో) నిన్ను సైడ్ డ్రమ్ముకు తీసుకున్నారనీ, ఈ వేసవి నుంచి కిల్ట్ (స్కాట్లాండు మగవారు నడుముకు చుట్టుకునే కుచ్చిళ్ల ఉన్ని వస్త్రం) కట్టి అందరితో పాటు నడవబోతున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆ దుస్తులు వేసుకునే అర్హత మనకు ఉందా అని నీవు సంకోచిస్తున్నావట. డ్రమ్ము నేర్పేవారు అక్కడే ఉన్నారు కనుక దాని జోలికి పోను. దుస్తుల విషయంలో మాత్రం, స్కాట్లాండులో చాలాకాలం బ్యాండుతో నడిచినవాడిగా, కొన్ని మాటలు చెప్పాలనిపించింది.

ముందుగా ఆ సంకోచం వదిలిపెట్టు. కల్లోడెన్ యుద్ధంలో స్కాట్లాండు తిరుగుబాటుదారులు ఓడిన తరువాత, 1746లో చేసిన చట్టం హైలాండ్ (స్కాట్లాండు ఉత్తరాన ఉన్న కొండసీమ) దుస్తులను, అంటే కిల్ట్ వంటివాటిని, నిషేధించింది. 1782లో దానిని రద్దు చేసేదాకా, రాజుగారి సైన్యంలో చేరిన హైలాండ్ సైనికులకు మాత్రమే ఆ దుస్తులు ధరించే వీలుండేది. అంటే ఆ ముప్పై ఆరేళ్లూ కిల్ట్‌ను కాపాడినవాటిలో రెజిమెంట్ల కవాతు మైదానాలదే పెద్ద పాత్ర. ఒక్కో వంశానికి ఒక్కో టార్టన్ (రంగుచారల గళ్ల నమూనా) అనే కట్టుబాటు కూడా చాలావరకు 1822లో నాలుగవ జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చిన తరువాత స్థిరపడినదే. కాబట్టి మన ఇంటిపేరుకు టార్టన్ లేదే అన్న దిగులు నీకు అక్కరలేదు. బ్యాండు నీ చేతికిచ్చినదే, ఆ వరుసలో ఉన్నంతసేపూ, నీ టార్టన్. దాన్ని వేషంగా కాక యూనిఫారంగా చూడగలిగితే చాలు.

ఆ తేడా కళ్లారా చూడాలంటే మే నెలాఖరులో స్కాట్లాండులోని బ్లెయిర్ కాజిల్‌లో (ఆథోల్ డ్యూకులనే ప్రభువుల వంశపు కోటలో) జరిగే ఆథోల్ హైలాండర్ల కవాతుకు వెళ్లు. 1839లో ఒక ఉత్సవానికి అంగరక్షక దళంగా మొదలై, 1844లో విక్టోరియా రాణి అక్కడ బస చేసినప్పుడు ఆమెకు కాపలా కాసినందుకు మరుసటి ఏడు పతాకాలు పొందిన ఈ దళం, ఐరోపాలో మిగిలిన ఏకైక ప్రైవేటు సైన్యంగా పేరు తెచ్చుకుంది. మధ్యలో మూలపడినా, పదవ ఆథోల్ డ్యూక్ 1966లో దాన్ని మళ్లీ నిలబెట్టాడు. ఆయన తరువాత డ్యూక్ అయినవారు దక్షిణాఫ్రికాలోనే స్థిరపడి, ఏటా ఈ కవాతు కోసం వచ్చి వెళ్లేవారు. దక్షిణాఫ్రికాలో ట్రాన్స్‌వాల్ స్కాటిష్ అనే పేరుతో ఉండిన రెజిమెంటు కట్టినది కూడా ఆ డ్యూకుల వంశానికి చెందిన ‘మర్రే ఆఫ్ ఆథోల్’ టార్టనే. సముద్రం దాటినంత మాత్రాన ఈ సంప్రదాయం పలచబడలేదు. ఆథోల్ హైలాండర్లకు యుద్ధం చేసే పని లేదు. అయినా టోపీలో గుచ్చిన జూనిపర్ పొద రెమ్మ దగ్గర నుంచి బూటు మెరుపు దాకా ఎంత శ్రద్ధ పెడతారో గమనించు. జీతం కోసమో భయం వల్లనో చేసే పనిలో అంతటి శ్రద్ధ నాకు అరుదుగా కనబడింది.

ఇక కట్టుకునే తీరు. కిల్ట్‌ను ప్యాంటులా తుంటి మీద కాక బొడ్డు ఎత్తున బిగించాలి. లేకపోతే అంచు మోకాలి కిందికి జారి మనిషి పొట్టిగా కనబడతాడు. మోకాళ్ల మీద కూర్చుని చూసుకో: అంచు నేలను తాకకుండా కొద్దిగా పైన ఆగాలి. చదునైన భాగం ముందుకు, కుచ్చిళ్లు వెనక్కి రావాలి. సైనిక పద్ధతిలో కుట్టిన కిల్టులో ప్రతి కుచ్చిలి మీదా ఒకే చార కనబడుతుంది కనుక, ఒక్క మడత తప్పినా వెనుక నడిచేవాడి కంటికి వెంటనే తెలిసిపోతుంది. కూర్చునే ముందు చేత్తో కుచ్చిళ్లను కిందికి సవరించుకోవడం అలవాటు చేసుకో. కిల్ట్ పిన్నును పై పొరకు మాత్రమే గుచ్చు. రెండు పొరలనూ కలిపి గుచ్చితే నడకలో బట్ట చిరుగుతుంది. స్పాట్స్ (బూట్ల మీద తొడిగే గుడ్డ తొడుగులు) బొత్తాలు కాలి బయటివైపు ఉండాలి. లోపల ఏం వేసుకున్నావని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు, నవ్వి ఊరుకో.

దాదాపు ఎనిమిది గజాల బరువైన ఉన్ని బట్ట అది. ఇంట్లో ఉతకడానికి సాహసించకు. వానలో తడిస్తే పొయ్యి దగ్గరో హీటరు దగ్గరో ఆరబెట్టకుండా గాలికి వేలాడదీయి. మరక పడితే తడిగుడ్డతో అద్దు. ఇస్త్రీ చేసేముందు కుచ్చిళ్లను వదులు కుట్లతో నిలిపి, తడిగుడ్డ పరిచి, పై నుంచి ఒత్తు. రుద్దితే చార వంకర పోతుంది. ఈ పని విసుగు పుట్టిస్తుందని ముందే చెబుతున్నాను. అయినా ఇంకొకరికి అప్పగించకు. బట్ట ఎక్కడ వదులైందో, ఏ బకిలు ఊడబోతోందో చేత్తో చూసుకున్నవాడికే తెలుస్తుంది. చలికాలంలో పెట్టెలో పెట్టేటప్పుడు కలరా ఉండలు మరచిపోవద్దు.

కవాతుకు వెళ్లేటప్పుడు పెర్త్ నుంచి ఇన్వర్నెస్ వైపు రైలెక్కితే బ్లెయిర్ ఆథోల్‌లో దిగవచ్చు, అక్కడి నుంచి కోట నడక దూరమే. అన్ని రైళ్లూ అక్కడ ఆగవు, వేళలు ముందే చూసుకుని బయలుదేరు.

ఇట్లు,
మీ పెద్దనాన్న