నొక్కిన చెక్క మళ్లీ ఎందుకు ఉబ్బుతుంది?

ప్రశ్న: మా పొలంలో మలబార్ వేప కొట్టించి పలకలు కోయించాం. చెక్క తేలిక, గోటితో నొక్కినా గంటు పడుతోంది. ఆవిరి పట్టి ప్రెస్‌లో నొక్కిస్తే టేకులా తయారవుతుందంటున్నారు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, నూజివీడు

జవాబు: గట్టిపడుతుంది, అంతవరకు నమ్మండి. టేకు మాత్రం కాదు. టేకు గొప్పంతా గట్టిదనంలో లేదు, ఆ లెక్కన తుమ్మ దాన్ని మించుతుంది. చేవలో ఉన్న నూనె గుణం వల్ల దానికి చెద తేలిగ్గా పట్టదు, వానాకాలం తలుపు అంతగా బిగుసుకోదు. ఈ రెండూ ప్రెస్ ఇచ్చేవి కావు.

ఏ చెట్టు చెక్కయినా కణాల గోడ సాంద్రత దాదాపు ఒకటే, ఘనమీటరుకు సుమారు 1500 కిలోలు. తేడా అంతా గోడల మధ్య ఖాళీలోనే. ఘనమీటరుకు 450 కిలోలు తూగే చెక్కలో 70 శాతం ఖాళీయే. 25 మి.మీ. పలకను 15కి నొక్కితే సాంద్రత 750 అవుతుంది. పొడి చెక్కను చల్లగా నొక్కితే గోడలు పగులుతాయి. గోడలను అతికించే లిగ్నిన్ తడిగా ఉంటే 80–100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అప్పుడు గోడలు విరక్కుండా మడత పడతాయి. ఆవిరి చేసే పని అంతే.

ప్రశ్న: నొక్కించిన పలకను ఒక రాత్రి నీళ్లలో ఉంచితే దాదాపు పాత మందానికి వచ్చేసింది. లోపం ఎక్కడ?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: సగం పనిలో ఆపేశారు. ప్రెస్‌లో చల్లారినప్పుడు లిగ్నిన్ బిగుసుకుని మడతలను పట్టి ఉంచుతుంది. కణాల గోడకు బలమిచ్చే సెల్యులోజ్ పోగుల్లో మాత్రం వంచిన బద్దలో ఉండే బిగువే ఉండిపోతుంది. తడి తగిలి పట్టు సడలగానే చెక్క లేస్తుంది.

ఆ బిగువు పోవాలంటే పలక నొక్కుడులో ఉండగానే, మూసిన పాత్రలో, మరింత వేడి ఆవిరి పట్టాలి. జపాన్ పరిశోధకులు తేల్చిన లెక్క 180 డిగ్రీల దగ్గర 8 నిమిషాలు, 200 దగ్గర ఒక్క నిమిషం. అదే 180 డిగ్రీల పొడి వేడితో అయితే 20 గంటల పని. ఆ ఆవిరికి, గోడలో సెల్యులోజ్ పోగుల మధ్య ఉండే హెమీసెల్యులోజ్ అనే పదార్థం కొంత విరిగి బిగువు వదులుతుంది. బదులుగా రంగు ముదురుతుంది, చెక్క కాస్త పెళుసవుతుంది. 180 డిగ్రీల ఆవిరి అంటే వాతావరణ పీడనానికి సుమారు పది రెట్లు. ఇంట్లో డ్రమ్ముతో ఈ ప్రయోగం వద్దు, ప్రాణం మీదికొస్తుంది.

ప్రెస్ దగ్గర జరిగే పొరపాట్లు కూడా చూసుకోండి. పలక నడిమి భాగం 80 డిగ్రీల కిందికి దిగకముందే తెరిస్తే అక్కడికక్కడే లేస్తుంది. తేమ 10–12 శాతం దాటితే లోపల చిక్కిన ఆవిరి, తెరవగానే పలకను పేల్చి చీలుస్తుంది. చెట్టు పెరుగుదల వలయాలు ఏటవాలుగా ఉన్న పలక పక్కకు జారి వంకరవుతుంది. ముడి ఉన్నచోట చుట్టూ పగులుతుంది.

ఇంకోసారి డబ్బిచ్చే ముందు చిన్న ముక్క అడిగి తీసుకోండి. వెర్నియర్‌తో (మందాన్ని కచ్చితంగా కొలిచే పరికరం) కొలిచి, 24 గంటలు నానబెట్టి, 103 డిగ్రీల ఓవెన్‌లో పూర్తిగా ఆరాక మళ్లీ కొలవండి. 25 నుంచి 15కి నొక్కింది 17 అయితే, తగ్గిన 10లో 2 తిరిగొచ్చాయి, అంటే 20 శాతం. తడిగా ఉండగా కొలిస్తే లెక్క తప్పుతుంది, మామూలు ఉబ్బు కూడా కలుస్తుంది.

ప్రశ్న: కుర్చీ వీపు బద్దను ఆవిరిలో ఉంచి వంచుతున్నాం. ఎప్పుడూ వంపు బయటివైపే చీలుతోంది.
– ఒక వడ్రంగి, రాజమహేంద్రవరం

జవాబు: ఆవిరి పట్టిన మంచి చెక్కను నార వెంట 25–30 శాతం దాకా కుదించవచ్చు, సాగదీస్తే మాత్రం 1–2 శాతానికే తెగుతుంది. కాబట్టి బయటివైపు సాగనివ్వకూడదు. ఆ వైపు పలుచని ఉక్కు పట్టీ వేసి, రెండు కొసలా బద్దను కదలకుండా బిగించే అడ్డు పెట్టండి. వంపంతా లోపలివైపు కుదింపుగానే తేలుతుంది. 19వ శతాబ్దంలో మైకేల్ థోనెట్ బీచ్ చెక్క కుర్చీలు వంచింది ఇలాంటి పట్టీతోనే. 25 మి.మీ. మందానికి గంట ఆవిరి చాలు, ఇంకా ఉంచితే లాభం లేదు. బాగా ఎండిన చెక్క వద్దు, 20–25 శాతం తేమ ఉన్నది తీసుకోండి. ఈసారి లోపలివైపు ముడతలు పడితే పట్టీ మరీ బిగిసిందని అర్థం, కొస అడ్డును కాస్త వదులు చేయండి.