చంద్రుడి మీద స్లాబ్ వేస్తే ఆగుద్దా?

పోయిన సంచికలో చంద్రుడి మీద మనుషులు ఉండటానికి బేస్ కట్టే ప్లాన్ల గురించి చిన్న ముక్క వేశాం. దానికి విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల నుంచే బోలెడు వాట్సాప్‌లు వచ్చాయి. అన్నిటికీ చోటు లేదు గానీ కొన్ని ఏరి జవాబులు చెప్తున్నాం.

ప్రశ్న: చంద్రుడి మీద ఇసుక, రాయి ఉన్నాయంటున్నారు, బరువు కూడా ఇక్కడి దాంట్లో ఆరో వంతేనంట. అట్టాంటప్పుడు సిమెంటు, ఐరన్ పట్టుకెళ్తే ఇల్లు కట్టటం మన దగ్గర కంటే తేలికే కదండీ, ఇంత లేటు దేనికి?
– తాపీ మేస్త్రి, మంగళగిరి

జవాబు: బరువు గురించి మీరన్నది కరెక్టే మేస్త్రి గారూ, కానీ అక్కడ తేడా కొట్టేది బరువు కాదు, గాలి. ఇక్కడ అయిదంగుళాల స్లాబ్ వేస్తే చదరపు అడుగుకి 30 కిలోల దాకా తూగుద్ది, అది కింద పడకుండా ఆపటానికే కదా ఈ పిల్లర్లు, బీములు, రాడ్డు కట్టటం అంతా. చంద్రుడి మీద అదే స్లాబ్ 5 కిలోలు. బాగానే ఉంది, కానీ బయట గాలి అన్నదే లేదు, లోపల మాత్రం మనం పీల్చుకోటానికి గాలి నింపుకోవాలి, ఇక్కడున్నంత ఒత్తిడితో నింపితే ఆ గాలి స్లాబ్‌ని కింద నుంచి పైకి చదరపు అడుగుకి సుమారు 960 కిలోల లెక్కన తోస్తది. పదికి పది గది అనుకోండి, మొత్తం 96 టన్నులు. ఇక్కడ కప్పు కూలుద్దని భయం, అక్కడ కప్పు ఎగిరిపోద్దని భయం. గోడల్ని కూడా అట్టాగే బయటికి తోస్తది, ముందు చీలేది మూలలే. కాంక్రీటు నొక్కితే తట్టుకుంటది, లాగితే పగుల్తది, అది మీకు నేను చెప్పేదేముంది. గ్యాస్ సిలిండర్‌ని చదరంగా ఎవరూ చెయ్యరు కదా, అందుకే అక్కడి గదులు కూడా గుండ్రంగానో పొడుగాటి గొట్టాల్లాగానో, లేదంటే గాలి నింపితే ఉబ్బే గట్టి గుడ్డతోనో చెయ్యాలని చూస్తున్నారు. (వాస్తు వాళ్ళకి కష్టమే, ఈశాన్యం మూల అందామంటే అసలు మూలే ఉండదు.)

ఇంక సిమెంటు సంగతి. స్లాబ్ పోసిన మర్నాడు మడులు కట్టి నీళ్ళు నిలబెడతారు కదా, అక్కడ ఆరుబయట మాల్ కలిపితే క్యూరింగ్ దాకా ఎందుకు, కలిపిన నీళ్ళే సెట్టవకముందే ఆవిరైపోతాయి. పైగా ఆస్ట్రోబోటిక్ అనే అమెరికా కంపెనీ చంద్రుడి నేల దాకా సామాను చేర్చటానికి కిలోకి 12 లక్షల డాలర్లు అని రేటు పెట్టింది, ఆ లెక్కన 50 కిలోల సిమెంటు కట్ట దించేసరికి మన రూపాయల్లో 500 కోట్ల పైమాటే. అందుకే అక్కడి మట్టితోనే పని కానివ్వాలని అందరూ చూస్తున్నారు. 2020లో బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్ళు, ఇస్రో వాళ్ళు కలిసి చంద్రుడి మట్టి లాంటి మట్టిలో యూరియా, ఒక రకం బ్యాక్టీరియా, గోరుచిక్కుడు గింజల జిగురు కలిపి ఇటుకలు చేశారు. మంచి పనే, కానీ ఇటుక గోడ గాలిని పట్టి ఉంచలేదు, కాబట్టి అది లోపలి గదికి పనికిరాదు, బయట కప్పటానికీ, రాకెట్ దిగే చోట నేల గట్టి చెయ్యటానికీ పనికొస్తది.

కప్పటం ఎందుకంటే, అక్కడ రేడియేషన్‌ని ఆపే గాలీ లేదు, అయస్కాంత కవచమూ లేదు. 2019లో చైనా వాళ్ళ చాంగ్ఈ-4 ల్యాండర్ అక్కడ దిగి కొలిస్తే భూమ్మీద కంటే దాదాపు 200 రెట్లు ఉంది. అందుకని గది మీద ఏడెనిమిది అడుగులో పదడుగులో మట్టి పొయ్యాలి. అంత మట్టి బరువుకి కప్పు ఎగరకుండా ఆగుద్ది కదా అంటారేమో, పదడుగులు పోసినా అక్కడ చదరపు అడుగుకి 80 కిలోల దాకానే తూగుద్ది, లోపల్నుంచి తోసేది 960. అయినా మట్టి వల్ల ఇంకో లాభం ఉంది, మన చంద్రయాన్-3 నేలలోకి థర్మామీటర్ దింపితే పైన 50 డిగ్రీలకి పైనే ఉన్నచోట బెత్తెడు లోతులో మైనస్ 10 దగ్గర చూపించింది, అంటే ఆ మట్టి వేడిని అంత బాగా ఆపుద్ది. యూట్యూబ్‌లో చూపించే గాజు గోపురాలు, లోపల చెట్లు, అవన్నీ బొమ్మలే. నన్నడిగితే మొదటి ఇల్లు మట్టిలో పూడ్చిన రేకు డబ్బానే, కిటికీ ఉండటం కూడా డౌటే.

ప్రశ్న: అక్కడి దుమ్ముతో పెద్ద సమస్య అని రాశారు. దుమ్మేగా, తుడుచుకుంటే పోదా?
– గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తుడిస్తే పోదమ్మా, ఇంకా అంటుకుంటది. కృష్ణలో ఇసుక నీళ్ళకి దొర్లి దొర్లి నున్నబడి ఉంటది, అక్కడ నీళ్ళూ లేవు గాలీ లేదు కాబట్టి ప్రతి రేణువూ పగిలిన గాజులాగా పదునుగానే ఉండిపోయింది, దానికి తోడు ఎండకి స్టాటిక్ కరెంటు పట్టి బట్టలకి అతుక్కుంటది. 1972 డిసెంబర్లో అపోలో 17లో వెళ్ళిన హారిసన్ ష్మిట్ బయట తిరిగొచ్చి హెల్మెట్ తీసేసరికి ముక్కు లోపల వాచిపోయింది, ఆ దుమ్ము కాలిన తుపాకీ మందు వాసన వచ్చిందని కూడా చెప్పారు. వాళ్ళు నేల మీదున్నది దాదాపు 75 గంటలే, ఆ మాత్రానికే సూట్ల జాయింట్లు బిగుసుకుపోవటం మొదలైంది. గాలి పోకుండా తెచ్చిన రాళ్ళ పెట్టెలకి కూడా సీలు దగ్గర దుమ్ము చేరి లీకయ్యాయి. ఇప్పుడు ఆలోచించండి, ఇంటి తలుపు సీలులో అదే దుమ్ము చేరితే? అందుకే సూట్‌ని ఇంట్లోకి తేకుండా బయట గోడకే తగిలించి, లోపల్నుంచి దాని వీపు వైపు తలుపులో దూరే పద్ధతి ఆలోచిస్తున్నారు. కరెంటుతో దుమ్ముని దులిపేసే పరికరాన్ని 2025 మార్చిలో బ్లూ ఘోస్ట్ ల్యాండర్ మీద పెట్టి చంద్రుడి మీదే టెస్ట్ చేశారు, పని చేసింది కూడా. నా మటుకు నాకు అన్నిటికంటే మొండి సమస్య ఇదే అనిపిస్తది, రేడియేషన్‌కి మట్టి కప్పితే సరిపోద్ది, ఆ మట్టికి ఏం కప్పుతాం?

ప్రశ్న: సోలార్ ప్యానెల్స్ పెట్టుకుంటే కరెంటు ఫ్రీ కదా సార్, విక్రమ్ మళ్ళీ ఎందుకు లేవలేదు?
– ఇంటర్ విద్యార్థి, విజయవాడ

జవాబు: అక్కడ ఒక రాత్రి అంటే మనకి 14 రోజులు బాబూ. విక్రమ్, అదే మన చంద్రయాన్-3 ల్యాండర్, 2023 ఆగస్టు 23న దిగింది, సెప్టెంబర్ మొదట్లో నిద్రపుచ్చారు, తెల్లారాక పిలిస్తే పలకలేదు. ఆ చలికి బ్యాటరీలు, ఎలక్ట్రానిక్స్ తట్టుకోవు, అసలు దాన్ని డిజైన్ చేసిందే ఒక పగటికి. అంతసేపు మనుషుల్ని బతికించాలంటే బ్యాటరీలే టన్నుల్లో మొయ్యాలి. అందుకే అందరి కళ్ళూ దక్షిణ ధ్రువం మీద పడ్డాయి, అక్కడ కొన్ని గుట్టల మీద ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ ఉంటది. కాకపోతే సూర్యుడు నెత్తి మీదకి రాడు, అంచున తిరుగుతా ఉంటాడు, కాబట్టి ప్యానెల్స్‌ని గోడల్లాగా నిలబెట్టాలి. ఆ పక్కనే ఎప్పుడూ ఎండ తగలని గుంటల్లో మంచు ఉంది, చంద్రయాన్-1 నీటి ఆనవాళ్ళు పట్టిన సంగతి 2009లో బయటికొచ్చింది, అదే ఏడాది నాసా వాళ్ళు ఒక గుంటలోకి రాకెట్ ముక్కని కూల్చి పైకి లేచిన దాంట్లో నీళ్ళు చూశారు. అయితే ఆ గుంటల్లో మైనస్ 200 కంటే తక్కువ, మామూలు గ్రీజు రాయిలాగా గడ్డకట్టుద్ది, ఇనుము పెళుసెక్కుద్ది, అక్కడ తవ్వే మిషన్ చెయ్యటమే ఒక పెద్ద పని. నాసా అయితే 40 కిలోవాట్ల చిన్న అణు రియాక్టర్ పెడదామని 2022లో డిజైన్లు చేయించింది, మన దగ్గర ఏసీలున్న పదిళ్ళకి సరిపోయే కరెంటు అన్నమాట.

ప్రశ్న: మన మిర్చి అక్కడ పండుద్దా?
– రైతు, ప్రత్తిపాడు

జవాబు: స్పేస్ స్టేషన్లో 2021లో మిరప పండించి, కోసుకుని తిన్నారండి, కాకపోతే అది న్యూ మెక్సికో రకం, తేజ కాదు. చంద్రుడి మట్టి సంగతి వేరే, 2022లో ఫ్లోరిడాలో అపోలో తెచ్చిన మట్టిలో ఆవ జాతి చిన్న మొక్క విత్తనాలు వేస్తే మొలిచాయి గానీ గిడసబారి, కొన్ని ఎర్రబడిపోయాయి. ఆ మట్టిలో సేంద్రియం లేదు, నత్రజని దాదాపు లేనట్టే. కాబట్టి మూసిన గదిలో లైట్ల కింద, నీళ్ళలో ఎరువులు కలిపి పెంచటమే. ఒక్క సుఖం, తామరపురుగు అక్కడికి రాదు.

ప్రశ్న: మా బావమరిది ఆన్‌లైన్లో చంద్రుడి మీద ఎకరం కొన్నాడు, సర్టిఫికెట్ కూడా వచ్చింది. రేటు పెరుగుద్దంటాడు. చెల్లుద్దా?
– పేరు వద్దు, విజయవాడ

జవాబు: చెల్లదు. 1967 నాటి అంతరిక్ష ఒప్పందం ప్రకారం చంద్రుణ్ణి ఏ దేశమూ సొంతం చేసుకోకూడదు, ఇండియా కూడా అందులో ఉంది. ఏ దేశానికీ హక్కు లేని నేలకి పట్టా ఇచ్చేదెవరు? ఇంకో ఎకరం కొనకముందే ఆ ఫోన్ ఆయన చేతిలోంచి తీసుకోండి.