సందేహాలు – సమాధానాలు: జపాన్ వాళ్ల బొమ్మల పెట్టెని బయోస్కోప్ అనొచ్చా?

సందేహం: జపాన్ కథ ఒకటి తెలుగులోకి చేస్తున్నానండీ, 1800 ప్రాంతంలో మొదలై మూడు తరాలు నడుస్తుంది. అందులో జనం డబ్బులిచ్చి అద్దంలోంచి బొమ్మలు చూసే పెట్టె ఒకటి మాటిమాటికీ వస్తుంది. నేను 'బయోస్కోప్' అని రాశాను, చదివిన ఫ్రెండ్ అది తప్పంది. మరేం రాయాలి? పక్కన నిలబడి పాడేవాళ్లని ఏమనాలి?

సమాధానం: మీ ఫ్రెండ్ చెప్పింది రైటేనండీ. అలాగని మీరు గాల్లోంచి రాసిందీ కాదు, 'కాశీపట్నం చూడరబాబు' అంటూ మన సంతల్లోకి వచ్చే పెట్టెని చాలామంది బయోస్కోప్ అనే అంటారు, మామూలు మాటల్లో దాన్ని తప్పు పట్టక్కర్లేదు. చిక్కల్లా కాలంతోనే. ఆ పేరు 1890లలో కదిలే బొమ్మల మిషన్లతో వచ్చింది, 1898లో కలకత్తాలో హీరాలాల్ సేన్ పెట్టిన కంపెనీ పేరు కూడా రాయల్ బయోస్కోపే. మీ కథలో తాతగారు 1800లోనే బయోస్కోప్ చూశాడంటే సినిమా పుట్టకముందే టికెట్ కొన్నట్టు!

అక్కడి మాట నొజొకి కరకురి. ఆ రెండు ఒకారాలూ పొట్టివే, హిందీ స్పెల్లింగ్ చూసి నోజోకి అని సాగదీయకండి, మనకి హ్రస్వం ఉంది కదా, జొ కూడా జొన్నలో పలికినట్టే పలకాలి. నొజొకి అంటే తొంగిచూడ్డం, కరకురి అంటే లోపల దారాలూ చక్రాలూ పెట్టి నడిపించే ఏర్పాటు, మనం మరబొమ్మ అంటాం చూడండి ఆ మర. టీ కప్పు మోసుకొచ్చే బొమ్మలు కూడా వాళ్లకి కరకురే. ఈ పెట్టెల్లో కూడా మొదట్లో దారాలతో ఆడించే చిన్న బొమ్మలుండేవి, తర్వాత గీసిన బొమ్మలొచ్చాయి.

గీసిన బొమ్మల సంగతే అసలు మజా. దూరం పోయేకొద్దీ గీతలు దగ్గరపడేలా గీసే పద్ధతి చైనా ప్రింట్ల ద్వారా, నాగసాకిలో వ్యాపారం చేసే డచ్చివాళ్ల ద్వారా (మన మచిలీపట్నంలో కోఠీ పెట్టినవాళ్లే) జపాన్ చేరింది, 1740 ప్రాంతానికే ఒకుముర మసనొబు అనే చిత్రకారుడు అలాంటి ప్రింట్లు వేశాడు. అలాంటి బొమ్మని ఉబ్బు కటకంలోంచి చూస్తే వీధి నిజంగా లోపలికి పోతున్నట్టు ఉంటుంది. తర్వాత మహా చిత్రకారుడైన మరుయమ ఓక్యొ కుర్రతనంలో క్యోతోలో ఒక బొమ్మల షాపు కోసం ఈ కటకపు బొమ్మలే గీసి పొట్టపోసుకున్నాడు. ఇలాంటి బొమ్మల్లో కొన్నిట్లో ఇంటి కిటికీలూ లాంతర్లూ ఉన్నచోట కాగితాన్ని కత్తిరించి పల్చటి కాగితం అంటించేవాళ్లు, పెట్టె పైమూత తెరిస్తే వెలుగు పడి పగలు, మూత వేసి వెనక దీపం పెడితే అదే వీధి రాత్రయిపోయి లాంతర్లు వెలిగేవి. కరెంటు లేని రోజుల్లో చూసినవాళ్లు ఎంత ముచ్చటపడి ఉంటారో! అద్దంలో ప్రతిబింబం చూపించే రకం కూడా ఉండేది, దానికి బొమ్మ కుడిఎడమలు తారుమారుగా గీయాలి, 1783లో షిబ కోకన్ అనే చిత్రకారుడు రాగిరేకు మీద చెక్కి అచ్చేసిన మిమెగురి అనే చోటి దృశ్యం అలా తిరగబడే ఉంటుంది.

మీ కథలో మూడో తరం వచ్చేసరికి, అంటే మెయిజీ చక్రవర్తి కాలానికి (1868 తర్వాత), పెట్టె బండంత అయిపోయింది, ముందు వరసగా కటకాలు, ఒకేసారి చాలామంది వంగి చూడొచ్చు. లోపల దూది పెట్టి పట్టుగుడ్డ అతికించి ఉబ్బెత్తుగా చేసిన బొమ్మలు, తాడు లాగితే ఒక పలక పైకి పోయి వెనకది కనపడుతుంది. పెట్టెకి అటొకరు ఇటొకరు, ఎక్కువగా మొగుడూపెళ్లాలు, కర్రలతో తాళం కొడుతూ కథ పాడేవాళ్లు. పాట దారినపోయేవాళ్లందరికీ ఫ్రీ, బొమ్మలు మాత్రం డబ్బులిచ్చినవాళ్లకే! బాగా ఆడిన కథల్లో ఒకటి కూరగాయల వ్యాపారి కూతురు ఒషిచిది, అగ్నిప్రమాదంలో ఇల్లు పోయి గుళ్లో తలదాచుకున్నప్పుడు అక్కడి కుర్రాణ్ణి ప్రేమించి, మళ్లీ ఊరు తగలబడితే మళ్లీ చూడొచ్చని నిప్పుపెట్టి, 1683లో తనే మంటల్లో శిక్ష అనుభవించింది. నరకం స్వర్గం చూపించే పెట్టెలూ ఉండేవి. 1896లో కోబెకి ఎడిసన్ కినెటోస్కోప్ వచ్చింది (అదీ ఒక్కొక్కరే తొంగిచూసే పెట్టే), మరుసటి ఏడాది ఒసాకాలో తెరమీద బొమ్మ ఆడింది, ఆ తర్వాత మెల్లగా ఈ బొమ్మల పెట్టెలు మూలపడ్డాయి. నీగత దగ్గర మకిలో ఒక పాత పెట్టె మిగిలింది, పాటతో సహా ఆడి చూపిస్తారు.

ఇక మీ అనువాదానికొస్తే, మొదటిసారి వచ్చినచోట 'నొజొకి కరకురి అనే తొంగిచూసే బొమ్మల పెట్టె' అని పూర్తిగా రాసి తర్వాత ఉత్త 'బొమ్మల పెట్టె' అనండి చాలు. పీప్ షో అని మాత్రం వద్దు, ఇవాళ ఆ మాటకి వేరే వాసనుంది. 'వీక్షణ పేటిక' లాంటివి అసలే వద్దు, సంతలో పెట్టెకి పట్టుశాలువా ఎందుకండీ. పాడేవాళ్లని గాయకులు, కథకులు అనకుండా 'పెట్టెవాళ్లు' అనండి, విడిగా ఒకరే వస్తే 'పెట్టెవాడు', 'పెట్టెవాడి పెళ్లాం'. క్రియ దగ్గర ఒక్క జాగ్రత్త: 'పెట్టె చూశాడు' అంటే బయట నుంచి చూసినట్టు ఉంటుంది, డబ్బులిచ్చి చూసిన చోట 'పెట్టెలోకి తొంగిచూశాడు' అనే రాయండి.