ప్రశ్న మీది – జవాబు మాది: ఫిలిప్పీన్స్‌లో పతకం ఒకరిది, పదవి ఒకరిది

గత సంచికలో ఫిలిప్పీన్స్ క్రీడాకారుల గురించి ఈ శీర్షికలో నాలుగు మాటలు రాసినందుకు ఊహించనన్ని ఉత్తరాలు వచ్చాయి. ఆటలో గెలుపు, ఎన్నికలో గెలుపు, బతుకులో ఓటమి ఆ దేశంలో ఇంతగా ఎందుకు పెనవేసుకున్నాయన్నదే చాలామంది అడిగారు గనుక, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను. ఇవి నా సొంత అభిప్రాయాలు.

ప్రశ్న: మానీ పాకియావ్ బాక్సింగులో గొప్పవాడని అక్కడి జనం అతన్ని సెనేటరును చేశారు. మన దగ్గర సినిమా నటులను గద్దె ఎక్కించడం లాంటి వ్యక్తిపూజే కదా ఇది? ఇటువంటి ఓటర్లున్న దేశంలో పేదరికం ఎలా పోతుంది? – ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: మీ ప్రశ్నలో మొదటి సగం కొంతవరకు నిజం. రెండో సగంతోనే నాకు పేచీ. పాకియావ్ 1978లో బుకిద్నోన్ ప్రావిన్సులోని కిబావేలో పుట్టి, జనరల్ శాంటోస్ నగరపు పేద వాడల్లో పెరిగినవాడు. వీధుల్లో తినుబండారాలు అమ్ముకున్న ఆ కుర్రవాడు ఎనిమిది వేర్వేరు బరువు తరగతుల్లో ప్రపంచ విజేత కావడం బాక్సింగ్ చరిత్రలో మరే పురుషుడికీ సాధ్యం కాలేదు. లాస్ వేగాస్‌లో శనివారం రాత్రి అతని పోటీ జరుగుతుంటే మనీలాలో అది ఆదివారం పగలు. ఆ వేళకు వీధులు ఖాళీ అయ్యేవనీ, నేరాలు తగ్గేవనీ పోలీసులే చెప్పుకొనేవారు. ఇంతటి అభిమానాన్ని చూసినవారెవరైనా అతను ఎన్నికల్లో నిలబడితే చాలు గెలుస్తాడనుకుంటారు.

జరిగింది మాత్రం అది కాదు. కీర్తి ఉచ్చస్థితిలో ఉన్న 2007లో జనరల్ శాంటోస్ ప్రాంతం నుంచి పార్లమెంటుకు పోటీ చేస్తే సొంత ఊరే అతన్ని ఓడించింది. తమ బాక్సరు తమకు బాక్సరుగానే కావాలని ఓటర్లు భావించారన్నది అప్పట్లో వినిపించిన వ్యాఖ్యానం. 2010లో భార్య స్వస్థలమైన సారంగాని ప్రావిన్సుకు మారి, అక్కడ పాతుకుపోయిన ఒక రాజకీయ కుటుంబంపై గెలిచాడు. 2016లో సెనేటుకు ఎన్నికయ్యాడు. 2022లో అధ్యక్ష పదవికి పోటీ చేసి మూడో స్థానంలో మిగిలాడు. 2025లో మళ్లీ సెనేటుకు నిలబడి ఓడిపోయాడు. మన దగ్గర కూడా ఎన్టీ రామారావు గారికి పట్టం కట్టిన జనమే 1989లో కల్వకుర్తిలో ఆయనను ఓడించారన్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. చప్పట్లు కొట్టిన చేతులే ఓటు వేస్తాయి గాని, ఆ రెండు పనులూ ఒకే లెక్కతో చేయవు.

అయితే 2022లో పాకియావ్‌ను ఓడించింది ఎవరు? 3 కోట్ల 10 లక్షలకు పైగా ఓట్లు తెచ్చుకున్న ఫెర్డినాండ్ మార్కోస్ జూనియర్. 1972లో సైనిక శాసనం విధించి, 1986 ప్రజా ఉద్యమంతో దేశం విడిచి పారిపోయిన నియంత కుమారుడాయన. ఆయనతో పాటు ఉపాధ్యక్షురాలిగా గెలిచిన సారా డుటెర్టే అప్పటి అధ్యక్షుడి కుమార్తె. అంటే పిడికిలి కంటే ఇంటిపేరు బలమైనదని తేలింది. పాకియావ్‌కు ఆ సంగతి ముందే అర్థమైనట్టుంది. 2013లో ఆయన భార్య జింకీ సారంగాని వైస్ గవర్నరయ్యారు. తమ్ముడు బాబీ 2019లో పార్టీ జాబితా స్థానం (నియోజకవర్గం నుంచి కాక, పార్టీకి పడిన ఓట్లను బట్టి దక్కే సీటు) ద్వారా పార్లమెంటులో అడుగుపెట్టాడు. అణగారిన వర్గాలకు గొంతునివ్వడానికని 1987 రాజ్యాంగం కల్పించిన స్థానాలవి. ఒక రాజకీయ కుటుంబాన్ని ఓడించి వచ్చిన పేదింటి బిడ్డ, పదేళ్లు తిరగకముందే తానూ ఒక రాజకీయ కుటుంబమయ్యాడు. నన్ను బాధించేది ఇదే తప్ప ఓటర్ల అమాయకత్వం కాదు.

ఇక పేద ఓటరు సంగతి. ఫిలిప్పీన్స్‌లో ఆసుపత్రి బిల్లు కట్టలేని కుటుంబం స్థానిక పార్లమెంటు సభ్యుడి కార్యాలయానికి వెళ్లి ‘గ్యారంటీ లెటర్’ తెచ్చుకుంటుంది. ఆ కాగితం చూపితే బిల్లులో కొంత ప్రభుత్వ నిధి నుంచి చెల్లుబాటవుతుంది. డబ్బు ప్రజలది, సంతకం నాయకుడిది. హక్కుగా అందవలసిన వైద్యం ఉపకారంగా అందినప్పుడు, ఆ ఉపకారం చేసినవాడికి ఓటు వేయడం తెలివితక్కువతనం ఎలా అవుతుంది? ‘ఉతాంగ్ నా లోఓబ్’ అని వారి భాషలో ఒక మాట ఉంది. తీర్చుకోవలసిన మనసులోని రుణం అని అర్థం చెప్పుకోవచ్చు. అప్పు తీర్చే అలవాటున్న మనుషులను అప్పుల్లో ఉంచడమే అక్కడి రాజకీయం.

ప్రశ్న: మా ఊరి ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో పతకం తెచ్చిన నాటి సంబరం నాకు ఇంకా కళ్లముందే ఉంది. ఫిలిప్పీన్స్‌కు తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చింది కూడా వెయిట్ లిఫ్టరేనని రాశారు. ఆమె గురించి మరికొంత చెప్పగలరా? – ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: ఆమె పేరు హిడిలిన్ డియాజ్. దక్షిణాన ఉన్న జాంబోవాంగా నగరంలో, ట్రైసికిల్ నడిపే తండ్రికి పుట్టింది. మోటారు సైకిలుకు పక్కన తొట్టి బిగించి మనుషులను ఎక్కించుకునే బండిని అక్కడ ట్రైసికిల్ అంటారు, అంటే మన ఆటో డ్రైవరు కూతురు అనుకోండి. 2016లో రియోలో రజతం గెలిచింది. ఆ తరువాత కూడా, 2019లో, టోక్యో సన్నాహాలకు డబ్బు చాలడం లేదని, సాయం కోసం ప్రైవేటు కంపెనీలను ఆశ్రయించడం తప్పవుతుందా అని ఆమె బహిరంగంగా అడగవలసి వచ్చింది. ఒలింపిక్ పతకం మెడలో ఉన్న మనిషి పరిస్థితి అది. అదే ఏడాది అధ్యక్ష భవనం ప్రతినిధి విలేకరులకు చూపిన, ప్రభుత్వాన్ని కూలదోసే కుట్రలో ఉన్నవారిదంటూ వేసిన పటంలో ఆమె పేరు కనిపించింది. రాజకీయాలతో సంబంధం లేని తనను ఎందుకు లాగారో తెలియక, కుటుంబం భద్రత కోసం ఆమె భయపడింది.

2020లో కరోనా వచ్చేనాటికి శిక్షణ కోసం మలేసియాలో ఉన్న డియాజ్ అక్కడే చిక్కుకుపోయింది. వ్యాయామశాలలు మూతపడితే వెదురు కర్రకు నీళ్ల డబ్బాలు తగిలించి ఎత్తింది. 2021 జులై 26న టోక్యోలో 55 కిలోల విభాగంలో ఆమె మొత్తం 224 కిలోలు ఎత్తింది. చైనాకు చెందిన లియావ్ చియుయున్ ఎత్తినవి 223. ఆ ఒక్క కిలో తేడాతో, 1924 నుంచి ఒలింపిక్స్‌కు వెళుతున్న దేశానికి తొలి బంగారు పతకం దక్కింది.

అటుపైన జరిగింది మీరు ఊహించగలరు. 2015 నాటి చట్టం ప్రకారం ఒలింపిక్ స్వర్ణానికి ప్రభుత్వం ఇచ్చేది కోటి పెసోలు, మన లెక్కలో ఇంచుమించు కోటిన్నర రూపాయలు. దానికి తోడు సంపన్నులు నగదు, ఇళ్లు, వాహనాలు ప్రకటించారు. కుట్రదారుల పటంలో పేరు వేసినవారే అభినందనలు తెలిపారు. 2024లో పారిస్‌లో జిమ్నాస్ట్ కార్లోస్ యులో రెండు స్వర్ణాలు గెలిచినప్పుడు ఈ కానుకల జోరు మరీ పెరిగింది. ఫ్లాటు, జీవితాంతం ఉచిత భోజనం సరే, 45 ఏళ్లు నిండాక పెద్దపేగు పరీక్ష ఉచితంగా చేస్తానని ఒక డాక్టరు ముందుకొచ్చాడు! నవ్వు వచ్చే విషయమే గాని, వెనక ఉన్న పద్ధతి నవ్వు తెప్పించేది కాదు. గెలిచాక కురిసిన దానిలో పదోవంతు గెలవకముందు అందితే డియాజ్ చేయి చాచవలసిన అవసరం ఉండేది కాదు. విత్తనం వేసేటప్పుడు కనిపించనివాళ్లు కళ్లం దగ్గర మాత్రం వరుసగా నిలబడతారు.

ప్రశ్న: క్రీడాభిమానం పేదలకు ఇచ్చే మత్తుమందు కాదా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: పాలకులు అలా వాడుకోవాలనుకున్న మాట వాస్తవం. 1975 అక్టోబరు 1న మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్‌ల బాక్సింగ్ పోటీని సైనిక శాసనం నడుస్తున్న ఫిలిప్పీన్స్‌లో ఏర్పాటు చేయించిన తండ్రి మార్కోస్ ఉద్దేశం, తన పాలన ప్రశాంతంగా ఉందని ప్రపంచానికి చూపించుకోవడమే. కాని మత్తు ఎక్కినవారు పదేళ్ల తరువాత లక్షల సంఖ్యలో వీధుల్లోకి వచ్చి అతన్ని ఎలా సాగనంపారు? పేదవాడు ఆటను ఆటగానే చూస్తాడనీ, మత్తు అనే మాట ఎక్కువగా టికెట్టు కొనగలిగినవారి నోటే వినిపిస్తుందనీ నా అనుమానం.

ప్రశ్న: నేను కువైట్‌లో ఇంటిపని చేస్తున్నాను, మాది రాజంపేట దగ్గర పల్లె. నాతో పాటు పనిచేసే ఫిలిప్పీన్స్ అక్కకు నాకంటే జీతం ఎక్కువ, వాళ్ల ఎంబసీ అండ కూడా ఎక్కువ. తమ దేశం తమను వీరులంటుందని చెబుతూనే ఏడుస్తుంది. అంత డబ్బు పంపుతున్నా వాళ్ల దేశం ఎందుకు పేదగా ఉంది? – ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ప్రశ్న ఈ విడతలో వచ్చిన వాటన్నిటిలోకీ లోతైనది. మనుషులను పనికి విదేశాలకు పంపడం 1974 కార్మిక చట్టంతోనే ఫిలిప్పీన్స్ ప్రభుత్వ విధానమైంది. ‘బగోంగ్ బయానీ’, అంటే కొత్త వీరులు, అనే మాటను 1988లో హాంకాంగ్‌లోని ఇంటిపనివారి ముందు అధ్యక్షురాలు కొరాజోన్ అక్వినో ప్రయోగించారు. ఇంటిపనివారికి నెలకు కనీసం 400 డాలర్లు ఉండాలని వారి ప్రభుత్వం చాలా ఏళ్ల క్రితమే నిబంధన పెట్టింది. తమ పౌరురాలి దారుణ హత్య బయటపడ్డాక 2018లో కువైట్‌కు కార్మికులను పంపడం ఆపేసి, యజమానులు పాస్‌పోర్టు లాక్కోకూడదని, ఫోను ఉంచుకోనివ్వాలని ఒప్పందం రాయించుకున్నాకే మళ్లీ తలుపు తెరిచింది. వారు ఉన్న దేశం నుంచే ఓటు కూడా వేయగలరు. మన ప్రవాసులు అందుకు స్వయంగా ఊరికి రావాలి. ఈ విషయాల్లో వారిని చూసి మనం నేర్చుకోవలసింది ఉంది.

ఇక పేదరికం మాట. 2024లో ప్రవాసులు ఇళ్లకు పంపినది 3,800 కోట్ల డాలర్లకు పైమాటే. 2023లో ఆ దేశ జనాభాలో 15.5 శాతం పేదరిక రేఖకు దిగువన ఉన్నారు, అంతకు రెండేళ్ల ముందు ఆ సంఖ్య 18.1. అంటే మీ అక్కలాంటివారి కష్టం వృథా పోలేదు. కాని ప్రపంచ బ్యాంకు 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశాదాయంలో 17 శాతం పైనున్న ఒక్క శాతం మందికి చేరుతుంటే, కింది సగం జనాభా అంతా కలిసి పంచుకునేది 14 శాతమే. విదేశం నుంచి వచ్చిన సొమ్ము ఇంటికి చేరి, అక్కడి నుంచి స్కూలు ఫీజుకు, ఆసుపత్రికి, మాల్‌కు, ఫోను బిల్లుకు, ఇంటిస్థలం వాయిదాకు పోతుంది. వాటిలో పెద్ద వ్యాపారాలన్నీ కొద్ది కుటుంబాల చేతిలో ఉన్నాయి. మీ అక్క కువైట్‌లో తుడిచిన గచ్చు ఖరీదు చివరకు మనీలాలో ఎవరి ఖాతాలో తేలుతుందో ఇప్పుడు మీకే తెలుస్తుంది. పైగా దళారీ ఖర్చులు పెట్టుకోగలిగినవారే విమానం ఎక్కగలరు, అత్యంత పేదల ఇళ్లలో ఆ కొత్త వీరులు కూడా తక్కువే. ఆమె ఏడుపు అబద్ధం కాదు, ఆమె గర్వమూ అబద్ధం కాదు. వీరులని పిలవడం జీతం పెంచడం కంటే చవక అని మాత్రం నేను అనగలను.

ప్రశ్న: ఫిలిప్పీన్స్‌లోని దవావోలో ఎంబీబీఎస్ చదువుతున్నాను. ప్రతి వాడలోనూ బాస్కెట్‌బాల్ కోర్టు, కోర్టు పైకప్పు మీద ఎవరో నాయకుడి పేరు! పొట్టివారి దేశానికి పొడుగువారి ఆట మీద ఇంత మోజు ఎందుకు? – ఒక విద్యార్థి, సొంతూరు ఖమ్మం

జవాబు: ఆట అమెరికా పాలనా కాలంలో బడుల ద్వారా వచ్చింది. స్థలం తక్కువ చాలు, ఒక బంతి, ఒక రింగు ఉంటే చాలు. 1954 ప్రపంచ పోటీల్లో కాంస్యం గెలిచిన దేశమది, కాబట్టి మోజు గాలికి పుట్టింది కాదు. 1975లో ఆసియాలోనే తొలి వృత్తి లీగును పెట్టుకున్నారు. ఆ లీగు జట్లకు ఊళ్ల పేర్లుండవు, కంపెనీల, సరుకుల పేర్లుంటాయి. పేదలు ఎక్కువగా గుండెకు హత్తుకున్న ‘బరంగాయ్ జినెబ్రా’ జట్టు పేరులో బరంగాయ్ అంటే వాడ, జినెబ్రా అంటే మద్యం. దాని యజమాని శాన్ మిగుయెల్ సంస్థకు అదే లీగులో మరో రెండు జట్లున్నాయి. అసమానత గురించి వేరే పాఠం చదవనక్కరలేదు, ఆ లీగు జట్ల పట్టిక చూస్తే చాలు.

పైకప్పు మీది పేర్ల విషయంలో మీ చూపు సరైన చోటే పడింది. ఆ కోర్టులోనే ఎన్నికల సభ, టీకాలు, బియ్యం పంపిణీ జరుగుతాయి. తుపాను వస్తే జనం తల దాచుకునేదీ అక్కడే. 2025లో వరద నివారణ పనుల్లో భారీ అవినీతి జరిగిందన్న ఆరోపణలు బయటపడి, సైనిక శాసనం తేదీ అయిన సెప్టెంబరు 21నే మనీలాలో జనం పెద్ద ఎత్తున నిరసనకు దిగారు. కట్ట కట్టని వరదలో ఇల్లు మునిగినవారు, నాయకుడి పేరున్న కప్పు కింద పడుకుంటున్నారన్న మాట.

మరొకటి కూడా చెప్పాలి. జాతీయ జట్టు కోసం అమెరికన్ ఆటగాడు జస్టిన్ బ్రౌన్లీకి పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి 2023 జనవరిలో పౌరసత్వం ఇచ్చింది. అతని చలవతో అదే ఏడాది అక్టోబరులో 61 ఏళ్ల తరువాత ఆసియా క్రీడల స్వర్ణం వచ్చింది, దేశం పొంగిపోయింది, పొంగవలసిందే. రాజకీయ వంశాలను నిషేధించాలనీ, అందుకు చట్టం చేయాలనీ 1987 రాజ్యాంగమే చెప్పింది. దాన్ని పూర్తి స్థాయిలో అమలు చేసే చట్టానికి మాత్రం మూడున్నర దశాబ్దాలు దాటినా ఆ సభకు తీరిక దొరకలేదు. 2016లో చేసిన ఒక చట్టం మాత్రం పదవిలో ఉన్నవారి దగ్గరి బంధువులు పోటీ చేయకూడదని అంది. అది వర్తించేది బరంగాయ్ యువజన మండళ్లకు. మీ వాడలో కోర్టు వేళలు చూసుకునే కుర్రాళ్లలో కొందరు బహుశా ఆ మండలి సభ్యులే అయి ఉంటారు.