ఎన్నారై సందేహాలు: కత్తులు కొట్టడానికి ఏ దాగలి కొనాలి?

ఒడిశాలోని గుణుపూర్ నుంచి వచ్చి అమెరికాలో ఒహాయోలో చదువుకుంటున్న తమ్ముడు రెండు ప్రశ్నలు అడిగాడు. ఊళ్లో తాతగారు వాడిన దాగలిని, అంటే కాల్చిన ఇనుముని పెట్టి సుత్తితో కొట్టే దిమ్మని, ఇక్కడికి తెప్పించుకోవచ్చా? లేదంటే ఇక్కడే మంచి అన్విల్ కొనాలంటే ఎంత పెట్టాలి?

మొదటిదానికి జవాబు చిన్నది, తెప్పించకు. విమానంలో మామూలుగా ఒక పెట్టెకి 23 కిలోలే ఇస్తారు, ఓడలో వేయిస్తే కూలీలూ కాగితాలూ కలిపి దాగలి ఖరీదుని మించిపోతుంది, పైగా ఊళ్లో దాని మీద ఇంకా కొడవళ్లు సాగగొడుతున్నారని నువ్వే రాశావు, వాళ్ల పని ఎందుకు ఆపడం. రెండోదానికి మాత్రం డబ్బు దగ్గరే మొదలుపెడతాను. నీ మెసేజీలో ఎడ్యుకేషన్ లోను గురించి ఒక్క ముక్క ఉంది, దాగలి కొమ్ము (పక్కకి సాగి ఉండే మొన) ఎంత పొడుగుండాలో మాత్రం పేరా నిండా ఉంది. కొత్తగా వచ్చిన మన పిల్లలందరూ ఇలాగే రాస్తారు, నాకు అలవాటే.

నాది పర్లాకిమిడి. ఇవాళ నాకు సొంత ఇల్లు, పెరట్లో సొంత షెడ్డు, అందులో గ్యాస్ కొలిమి ఉన్నాయి, నేను కొట్టిన కత్తులతో మా వీధిలో అమెరికా వాళ్లు మాంసం కోసుకుంటున్నారు. ఇదంతా ఎవరూ దగ్గరుండి చెప్పకుండానే సంపాదించుకున్నాను, అందుకే ఎక్కడెక్కడ డబ్బు పోతుందో నాకు బాగా తెలుసు. వచ్చిన మొదటి చలికాలంలో ఆన్‌లైన్‌లో నీలం రంగు వేసి, కొమ్ము తీరుగా ఉన్న దాగలి ఒకటి తెప్పించాను. బొమ్మలో ఉన్నట్టే ఉంది. తీరా కొడితే పోత ఇనుము. ఎర్రగా కాల్చిన స్ప్రింగు పట్టీ మీద సుత్తి వేస్తే దెబ్బ కిందికి ఇంకిపోతోందే తప్ప తిరిగి రావడంలేదు, ఒకే పట్టీని రెండింతల సార్లు కాల్చాలి, రెండింతలు గ్యాసు. ఒకసారి సుత్తి తప్పి అంచు మీద పడితే ముక్క ఎగిరిపోయింది. పైమొహం మీద గుంటలు పడ్డాయి, ఆ గుంటలన్నీ కత్తి పక్కల మీద అచ్చు పడేవి, వాటిని అరగదీయడానికి గ్రైండర్ బెల్టులకి మళ్లీ డబ్బు. చివరికి అది తుక్కు ధరకి పోయింది. ఆ నెల ఇంటికి పంపాల్సిన దాంట్లో కోత పడింది. నాన్న ఎందుకని అడగలేదు, అడగకపోవడమే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఈసారి పాతకాలం ఇంగ్లండు దాగలే కొనాలనుకుని ఒకాయన గరాజ్‌లో అద్దంలా మెరుస్తున్నది చూసి, అడిగినంతా ఇచ్చేశాను. ఆ మెరుపే టెన్షన్ పడాల్సిన విషయం అని అప్పుడు తెలియదు. పాత దాగళ్లలో ఎక్కువ వాటికి ఒళ్లంతా మెత్తటి చేత ఇనుము, పైన మాత్రం గట్టి ఉక్కు పలక కాల్చి అతికించి ఉంటుంది. ఆయన గుంటలు పోవాలని మెషీన్ మీద చెక్కించి ఆ పలకని సగానికి సగం తినేశాడు. మిగిలిన పలుచటి పలక నా సుత్తికి కొన్నాళ్లకే మధ్యలో కుంగింది. అందుకని చెప్తున్నా, పాతది కొంటే కాస్త తుప్పు, కాస్త గోధుమ రంగు ఉన్నదే కొను. కొత్తగా చెక్కిన మొహం, కొత్త రంగు, వెల్డింగు అతుకులు కనిపిస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్.

చూసే పద్ధతి చెప్తాను. అంగుళం బేరింగు బంతి ఒకటి దగ్గర పెట్టుకో. పది అంగుళాల ఎత్తు నుంచి దాగలి మీద వదులు, పక్కన స్కేలు నిలబెట్టు. ఏడెనిమిది అంగుళాలు తిరిగి లేస్తే మంచి సరుకు, ఐదు కూడా లేవకపోతే వద్దు. ఒక్కచోట కాదు, మొహం అంతా వదిలి చూడు, ఏదో ఒకచోట హఠాత్తుగా చచ్చుబడితే అక్కడ పలక ఊడిందని అర్థం. చిన్న సుత్తితో తట్టినా గుడిగంటలా మోగాలి. ఫిషర్ కంపెనీవి మాత్రం పోత ఇనుము ఒంటికి ఉక్కు పలక పట్టించినవి, అవి మోగవు, మోగకపోయినా మంచివే, ఇరుగుపొరుగు ఉన్నచోట ఇంకా మంచివి. అగ్ని ప్రమాదంలో కాలిన కొట్టాల్లోంచి వచ్చిన దాగళ్లు కూడా అమ్ముతారు, ఆ వేడికి వాటి ఉక్కు గట్టిదనం దిగిపోయి ఉంటుంది. యజమానిని అడిగి అంచు మీద ఆకురాయి పెట్టి చూడు, జారిపోతే గట్టిగా ఉన్నట్టు, కొరికితే మెత్తబడినట్టు.

పాత ఇంగ్లండు వాటి పక్కన బరువు చెప్పే మూడు అంకెలు ఉంటాయి, వాటితో మోసపోవద్దు. మొదటిది 112 పౌన్ల లెక్క, రెండోది 28 పౌన్ల లెక్క, మూడోది విడి పౌన్లు. 1-2-10 అంటే 112, 56, 10 కలిపి 178 పౌన్లు, దాదాపు 81 కిలోలు. పౌనుకి ఐదారు డాలర్లు అడుగుతున్నారు, అంటే అదొక్కటే వెయ్యి డాలర్ల చుట్టూ తిరుగుతుంది. రూపాయల్లో లెక్కేసి, లోను మీద నెలకి ఎంత వడ్డీ పడుతోందో పక్కన రాసుకుని చూడు.

ఇప్పుడు అసలు మాట. కత్తి కొట్టడానికి కొమ్ము అక్కర్లేదు. మన గజపతి, రాయగడ జిల్లాల సంతల్లో అమ్మే కొడవళ్లూ కత్తిపీటలూ గొడ్డళ్లూ చేసేవాళ్లు కొమ్మున్న దాగలి మీదే కొడుతున్నారా? మొద్దులోనో నేలలోనో పాతిన చదరపు ఉక్కు దిమ్మ, అంతే. మా ఊళ్లో చిన్నబండి (నేరో గేజ్ రైలు) పట్టా ముక్క పెట్టుకుని కొట్టినవాళ్లనీ చూశాను. 1900లో వేసిన ఆ నౌపడా చిన్న లైను పట్టా సన్నంగా ఉండేది. ఇక్కడి మెయిన్ లైను పట్టాలు గజానికి 141 పౌన్ల దాకా ఉంటాయి. గజం ముక్కని పడుకోబెట్టకుండా నిలువుగా పాతితే బరువంతా దెబ్బ కిందే ఉంటుంది, పైన మూడంగుళాల వెడల్పు మొహం దొరుకుతుంది, కత్తికి అది చాలు. నాలుగంగుళాల చదరం, రెండడుగుల పొడుగు ఉక్కు దిమ్మ అయితే 109 పౌన్లు తూగుతుంది, దాన్నీ నిలువుగానే పెట్టు. ఫోర్క్‌లిఫ్టు (సరుకులెత్తే బండి) పళ్లు విరిగినవి దొరికితే ఇంకా అదృష్టం. ఇవన్నీ తుక్కు యార్డులో డబ్బు కట్టి, రసీదు తీసుకుని కొనాలి. లైను పక్కన పడున్న పట్టాని ముట్టుకోకు, అది రైల్వే సొత్తు, వీసా మీద ఉన్నవాడికి ఆ కేసు అక్కర్లేదు.

రెండు మూడు పౌన్ల సుత్తికి దాగలి యాభై రెట్లు ఉంటే హాయి, అంటే వంద నుంచి నూటయాభై పౌన్లు. నిలబడి చెయ్యి వదిలేస్తే పిడికిలి కణుపులు ఎక్కడికి వస్తాయో మొహం అక్కడ ఉండాలి. అంచులు పదునుగా ఉంటే కాస్త గుండ్రంగా రుద్దు, లేకపోతే కత్తిలో మడతలు పడి పగుళ్లిస్తాయి. పాతదానికి అంచు కొద్దిగా పెచ్చులు లేచి ఉన్నా భయపడకు, నాలుగైదంగుళాలు బాగున్న చోటుంటే చాలు, ఆ వంక చూపించి ధర తగ్గించమను. మోత ఎక్కువైతే దాగలి మడమ (కొమ్ముకి ఎదురు కొస) కింద పెద్ద అయస్కాంతం అంటించు.

అపార్ట్‌మెంటులో కొలిమి కుదరదు. లీజు, ఊరి శబ్దం రూల్సు, వీసా మీద కత్తులు అమ్మి డబ్బు తీసుకోవచ్చా లేదా అన్నవి నీ యూనివర్సిటీ ఆఫీసులో కనుక్కో, అవి వాళ్లే సరిగ్గా చెప్తారు. ఆ ఇబ్బంది కూడా నీకు కలిసొచ్చేదే, ఎందుకంటే ఇప్పుడే కొనక్కర్లేదు. అబానా అని 1973లో పెట్టిన కమ్మరి సంఘం ఉంది, దాని శాఖలు దేశమంతటా ఉన్నాయి. మీ ఒహాయోలోనే సోఫా (సదరన్ ఒహాయో ఫోర్జ్ అండ్ అన్విల్) అనే కమ్మరి సంఘం వాళ్లు ట్రాయ్‌లో సెప్టెంబరులో క్వాడ్-స్టేట్ అనే పెద్ద మేళా పెడతారు. ముందు సంఘం కొలిమి దగ్గర వాళ్ల దాగళ్ల మీద కొట్టు, నీ చేతికి ఏది కుదిరిందో తెలుస్తుంది. తర్వాత మేళాకి వెళ్లు, కార్ల వెనక పరిచి అమ్మేవాళ్లు వరసగా ఉంటారు. బంతి, స్కేలు, ఆకురాయి జేబులో వేసుకో. కార్డు రూములో పెట్టి, ఆ నెల లోను కిస్తీ కట్టాక మిగిలినంత నగదు మాత్రమే తీసుకెళ్లు. అది చాలకపోతే ఖాళీ చేతుల్తో రా, వచ్చే ఏడు కూడా అదే మేళా ఉంటుంది.