చిన్నోడి కీబోర్డుల పిచ్చికి పెద్దమ్మ రాసిన మందు చీటీ

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి అరగంట సేపు నీ మీద చాడీలు చెప్పింది. "రెండు నెలల్లో మూడు కీబోర్డులు కొన్నాడక్కా, ఉన్న కంప్యూటరేమో ఒకటే, రాత్రి పన్నెండింటికి టకటకా కొడుతుంటే పక్కింటోళ్ళు కుట్టు మిషన్ పెట్టారా అని అడుగుతున్నారు, ఇదంతా నీ వల్లే" అంది. నా వల్లే, కాదనను. సంక్రాంతికి తిరుపతి వచ్చినప్పుడు నా టేబుల్ మీది మెకానికల్ కీబోర్డు (ప్రతి కీ కిందా విడిగా ఒక స్విచ్ ఉండే రకం) మీద నాలుగు ముక్కలు కొట్టి "ఏంది పెద్దమ్మా ఇది, ఇంత బాగుంది" అని నువ్వు నోరు తెరిస్తే, గంట సేపు క్లాసు పీకింది నేనే కదా. జబ్బు అంటించినదాన్ని నేనే కాబట్టి మందు కూడా నేనే రాస్తున్నా. మీ అమ్మకు చూపించకు, ఇందులో కొనమని కూడా ఒకటి రెండు చోట్ల ఉంది.

మూడోది కొన్నాక కూడా "వీడియోలో వచ్చిన సౌండ్ రావట్లేదు" అని మెసేజ్ పెట్టావు చూడు, నీ డబ్బంతా పోతున్నది అక్కడే. ఆ వీడియో తీసినవాడు మైకును కీబోర్డుకు జానెడు దూరంలో పెట్టుకున్నాడు, కింద మందపాటి మ్యాట్ పరిచాడు, గది ఎలాంటిదో ఏమో, ఆపైన అదంతా నీ ఇయర్‌ఫోన్లలోంచి దూరి వచ్చింది. నువ్వేమో ఖాళీ గదిలో ఇనప టేబుల్ మీద పెట్టి కొడుతూ అదే సౌండు రావాలంటావు. ఈ రోజు ఒక పని చెయ్. మీ అమ్మ పాత నూలు చీర ఒకటి నాలుగు మడతలు వేసి కీబోర్డు కింద పెట్టి కొట్టి చూడు. స్పేస్ బార్ కొట్టినప్పుడు ఖాళీ డబ్బాలా మోగేది సగం తగ్గిపోతుంది. పైసా ఖర్చు లేదు. నాకు ఈ సంగతి తెలిసేసరికి కీబోర్డు లోపల వేసే ఫోమ్ షీట్లు రెండు రకాలు కొనేసి ఉన్నా, ఇంకా అలమరలోనే ఉన్నాయి, కావాలంటే పట్టుకుపో.

ఇక స్విచ్‌ల సంగతి, అంటే ప్రతి కీ కిందా ఉండి నువ్వు నొక్కింది కంప్యూటర్‌కు చెప్పే ముక్కలు. గాంధీ రోడ్డు పక్క సందులో టైపు ఇన్‌స్టిట్యూట్లో నేను పాఠం చెప్పే రోజుల్లో, పిల్లలు 'ఏఎస్‌డీఎఫ్‌జీఎఫ్' కొడుతుంటే కళ్ళు మూసుకుని ఎవరు తప్పు కొడుతున్నారో చెప్పేసేదాన్ని. మిషన్ మీద అక్షరం పడ్డ సంగతి వేలికీ చెవికీ ఒకేసారి తెలిసేది. కంప్యూటర్లు వచ్చిన మొదట్లో ఆ అలవాటు పోకూడదని కాబోలు, ఐబీఎం వాళ్ళు కీ కింద నిలువు స్ప్రింగు పెట్టారు. నొక్కితే ఒక చోట అది పక్కకు ఒంగి టక్కుమంటుంది, సరిగ్గా అప్పుడే అక్షరం పడుతుంది. 1981లో వాళ్ళ పీసీతో వచ్చిన మోడల్ ఎఫ్ కీబోర్డు అలాంటిదే, 1985లో వచ్చిన మోడల్ ఎం కూడా అంతే. మోడల్ ఎం రెండు కేజీల పైనే బరువట, దొంగను కొట్టడానికి కూడా పనికొస్తుంది. ఆ తరవాత రబ్బరు బుడిపెల కీబోర్డులు చవగ్గా వచ్చి అందరి ఇళ్ళల్లో చేరాయి, దోసె పిండిలో వేలు పెట్టినట్టుండేవి.

నువ్వు కొన్నవాటిలో ఉన్నవన్నీ జర్మనీ చెర్రీ కంపెనీ ఎనభైల్లో తెచ్చిన ఎంఎక్స్ స్విచ్‌ల వంశమే. పేటెంట్ గడువు తీరిపోయాక గేటరాన్, కైల్, ఔటెము అంటూ అందరూ అదే కొలతలో చేస్తున్నారు, అందుకే ఒకరి క్యాప్ (కీ మీద అక్షరం ఉండే ప్లాస్టిక్ మూత) ఇంకొకరి స్విచ్ మీద కూర్చుంటుంది. రంగును బట్టి రకం: ఎరుపు, నలుపు నున్నగా దిగేవి, గోధుమ రంగుది మధ్యలో చిన్న గతుకు తగిలేది, నీలం గతుకుతో పాటు టక్కుమనేది. నాలుగూ మొత్తం 4 మిల్లీమీటర్లు దిగుతాయి, దాదాపు సగం దారిలోనే అక్షరం పడిపోతుంది. నువ్వు ప్రతి కీనీ అడుగంటా గుద్దుతున్నావు, సంక్రాంతికే చూశా. ఆ మోతలో చాలా భాగం స్విచ్‌ది కాదు నాయనా, నీ చేతిది.

బరువు సంగతి, అంటే అక్షరం పడడానికి కీని ఎంత నొక్కాలో, నీకు నువ్వే చూసుకోవచ్చు. చెర్రీ లెక్కలో ఎరుపుకు 45, నలుపుకు 60 గ్రాములు. ఒక కీ చుట్టూ ఉన్న క్యాప్‌లు పీకేసి, దాని మీద పది రూపాయల బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పేర్చు. ఒక్కోటి 7.7 గ్రాములుంటుంది. ఎరుపు మీద ఆరో ఏడో పెట్టేసరికి స్క్రీన్ మీద అక్షరం పడుతుంది, నలుపుకు ఎనిమిది దాకా పడతాయి. (నేను హుండీలో వెయ్యడానికి మూట కట్టిన బిళ్ళలతో చేశా, తరవాత వేసేశాలే.) తేడా రెండు బిళ్ళలేగా అనిపిస్తుంది, సాయంత్రం దాకా కొట్టాక వేళ్ళను అడుగు.

ఏది మంచిదని నన్ను అడక్కు. నాకు గోధుమ రంగు నచ్చదు, అటూ కాదు ఇటూ కాదు, కానీ లోకంలో సగం మంది దాంతోనే సుఖంగా ఉన్నారు. నీకు రాత్రి డ్యూటీ, పక్క గదిలో మీ అమ్మ, కాబట్టి నీలం వద్దే వద్దు, ఎరుపో లేక సైలెంట్ రకమో చూసుకో. నీలంలో ఇంకో చిక్కుంది. ఒకే అక్షరం రెండుసార్లు కొట్టాలంటే వేలు కొంచెం ఎక్కువ పైకి లేపాలి, ఇంగ్లిష్‌లో జంట అక్షరాల దగ్గర వేగంగా కొట్టేవాళ్ళకు అది తగులుతుంది. తెలుగులో మాత్రం తగలదు, ఎందుకో చెబుతా.

నువ్వు ప్రతి బోర్డునూ టైపింగ్ టెస్టుల్లో ఇంగ్లిష్ ముక్కలతోనే చూస్తున్నావు. మన భాషతో చూడు. డీటీపీ చేసినన్నాళ్ళూ నేనూ అను ఫాంట్లతోనే నెట్టుకొచ్చా, యాభై దాటాక ఇన్‌స్క్రిప్ట్ (మన దేశ భాషలకు ఒకే తీరున చేసిన కీల అమరిక) నేర్చుకున్నా. అందులో గుణింతాలు దాదాపు అన్నీ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువ భాగం కుడి చేతికి. 'తిరుపతి' కొట్టు: ఎల్, ఎఫ్, జె, జి, హెచ్, ఎల్, ఎఫ్. ఏడు కొట్లు, వేళ్ళు మధ్య వరస దాటి కదలవు. ఇప్పుడు మీ 'చిత్తూరు' కొట్టు: సెమీకోలన్, ఎఫ్, ఎల్, డి, ఎల్, టి, జె, జి. కుడి, ఎడమ, కుడి, ఎడమ, చివరిదాకా అంతే, తవిల్ వాయించినట్టు. ఒక్క దీర్ఘం కోసమే పై వరసకు పోవాలి. 'త్త'కు కూడా మధ్యలో 'డి' మీది పొల్లు కొట్టాలి కాబట్టి ఒకే కీ వెంట వెంటనే రాదు. ఈ రెండు ఊళ్ళ పేర్లు కొత్త బోర్డు మీద యాభై సార్లు కొట్టి చూస్తే దాని గుణం నాకు తెలిసిపోతుంది. నీ వేళ్ళకు వేరే మాటలు కుదురుతాయేమో, వెతుక్కో. భాష మార్చే మీట మాత్రం క్యాప్స్ లాక్ మీద పెట్టుకో, క్యూఎంకే, వయా లాంటి కీల పని మార్చే సాఫ్ట్‌వేర్ పనిచేసే బోర్డయితే ఐదు నిమిషాల పని. క్యాప్స్ లాక్ వల్ల ఇంతకాలం ఎవరికి ఏం ఒరిగిందో నాకు తెలియదు.

నా మొదటి మెకానికల్ కీబోర్డు టీవీఎస్ గోల్డ్. పేరు తెలియకపోయినా దాని మోత నీకు తెలుసు, రిజర్వేషన్ కౌంటర్లలో, బిల్లు కొట్టే చోట్ల చెవులు హోరెత్తించేది అదే. పాతవాటిలో చెర్రీ నీలం స్విచ్‌లే ఉండేవి. ఒక ఆఫీసు సామాను పాత ఇనపకొట్టులో పడితే నేను చవగ్గా తెచ్చుకున్నా. అది కొంచెం బిగుసుకున్నట్టనిపించి, టైపు మిషన్లకు వేసిన అలవాటు కొద్దీ ప్రతి కీ సందులోనూ కుట్టు మిషన్ ఆయిల్ చుక్క చుక్క వేశా. రెండు రోజులు వెన్నలా నడిచింది. పది రోజులకు మన ఊరి దుమ్మంతా పీల్చుకుని జిగురయ్యింది, క్లిక్కు పోయింది, 'క' ఒకసారి కొడితే రెండుసార్లు పడేది. స్విచ్‌లన్నీ సోల్డర్ చేసి ఉంటాయి కదా, సెల్ రిపేరు షాపులో అబ్బాయిని బతిమాలి పన్నెండింటిని ఊడదీయించి వేరేవి పెట్టించా. ఆ పన్నెండూ ఇప్పటికీ డబ్బాలో ఉన్నాయి, మూత తీస్తే ఆయిల్ వాసన.

అందుకే చెబుతున్నా, ఉన్న మూడింటిలో హాట్‌స్వాప్ ఉన్నది ఒక్కటే ఉంచుకుని మిగతా రెండూ అమ్మెయ్. అదొక్కటి ఉంటే సోల్డర్ అక్కర్లేకుండా స్విచ్ పీకి వేరేది గుచ్చుకోవచ్చు, కొత్త కీబోర్డు బదులు పది రకాల స్విచ్‌లు తలా నాలుగు తెప్పించుకుని, రోజూ వాడే కీల కింద పెట్టి వారం వారం మార్చి చూసుకోవచ్చు. గుచ్చేటప్పుడు నిటారుగా నొక్కు. పిన్ను వంగితే ఆ కీ పలకదు, అప్పుడు కంగారు పడి పీసీబీ (లోపలి సర్క్యూట్ పలక) పోయిందనుకోకు, స్విచ్ బయటికి తీసి పట్టకారుతో పిన్ను నిటారు చేస్తే చాలు. ఐదు కాళ్ళ స్విచ్ మూడు చిల్లుల బోర్డులో పట్టకపోతే, అటూ ఇటూ ఉన్న రెండు ప్లాస్టిక్ కాళ్ళు గోళ్ళు తీసుకునే కట్టర్‌తో కత్తిరించెయ్. రాగి పిన్నుల జోలికి మాత్రం పోవద్దు.

లూబ్ చెయ్యాలని, అంటే స్విచ్‌ల లోపల గ్రీజు పూయాలని, తెగ తొందరపడుతున్నావు. ముందు స్టెబిలైజర్లు (పొడుగు కీలు ఒక పక్కకు ఒరగకుండా పట్టేవి) చూసుకో. స్పేస్, ఎంటర్, బ్యాక్‌స్పేస్, రెండు షిఫ్టులు, వీటి కింద ఉండే తీగలు గలగలమంటేనే బోర్డంతా చవకబారుగా వినిపిస్తుంది. తీగ వంపులో మందపాటి డైఎలెక్ట్రిక్ గ్రీజు కొంచెం పెడితే ఐదు కీలకూ కలిపి గంట పని, ఫలితం మాత్రం పక్కింటోళ్ళకు కూడా తెలుస్తుంది. ఆ తరవాత కూడా లూబ్ కావాలంటే సెలవు రోజు చూసుకుని కూర్చో. 87 స్విచ్‌లు, ఒక్కోటి విప్పి, సన్న కుంచెతో క్రైటాక్స్ 205జీ0 అనే గ్రీజు పూసి మళ్ళీ మూసేసరికి మూడు నిమిషాలు వేసుకో, నాలుగు గంటలు దాటుతుంది. కాటుక కంటే పల్చగా పూయాలి. ఎక్కువైతే కీ బురదలో కాలు పెట్టినట్టు లేస్తుంది, తుడవడం పూయడం కంటే కష్టం. గతుకు ఉన్న స్విచ్‌లలో పైకీ కిందికీ కదిలే నడిమి ముక్క కాళ్ళకు పూయకు, గతుకే పోతుంది. నీలానికి అసలు వద్దు.

క్యాప్‌ల గురించి ఎక్కువ చెప్పను. ఏబీఎస్ ప్లాస్టిక్ అయితే మన చెమటకు ఏడాది తిరక్కుండానే నూనె రాసినట్టు మెరుస్తుంది, పీబీటీ ప్లాస్టిక్ ఎక్కువ రోజులు గరుగ్గా ఉంటుంది. గ్రూప్ బై అని ముందే డబ్బు కట్టించుకునేవాళ్ళ జోలికి పోకు. నేనొకసారి కట్టి ఏడాది పైన ఎదురు చూశా, వచ్చాక చూస్తే రంగు వేరు. చీటీ కట్టినా అవసరానికి పాట పాడి తెచ్చుకోవచ్చు, ఇందులో అదీ లేదు. చేత్తో తాకి కొనాలనిపిస్తే కాట్పాడిలో రైలెక్కి చెన్నైలో ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్‌కు పో. జేబులో లెక్క పెట్టుకున్న డబ్బే తీసుకెళ్ళు, కార్డు ఇంట్లో పెట్టు.

కడగాలంటే ముందు ఫోటో తీసుకుని క్యాప్‌లు పీకి, గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ వేసి నానబెట్టు, నీడలో ఒక రోజు ఆరనివ్వు. మే నెల మేడ మీద ఎండబెట్టావంటే అప్పడాల్లా వంగినా వంగొచ్చు. కొండ మీది లడ్డూ తింటూ టైపు చెయ్యకు. మొన్న 'కె' ఎందుకు దిగట్లేదా అని క్యాప్ తీస్తే కింద చిన్న కలకండ ముక్క, దాని చుట్టూ ఎర్ర చీమల జాతర.

ఆదివారం పొద్దున బస్సుకు రా. ఆ హాట్‌స్వాప్‌ది తీసుకురా, స్టెబిలైజర్లు ఇద్దరం కలిసి చేద్దాం, గ్రీజు, కుంచె నా దగ్గర ఉన్నాయి. కీబోర్డుతో పాటు ఇచ్చిన ప్లాస్టిక్ రింగు పుల్లర్ పారేసి రా, అది క్యాప్‌ల పక్కలు గీరుతుంది, నా తీగ పుల్లర్ ఇస్తాలే. మీ అమ్మ పాత నూలు చీర కూడా ఒకటి తీసుకురా, నా దగ్గరున్నవన్నీ కీబోర్డుల కిందే ఉన్నాయి.

పెద్దమ్మ
తిరుపతి